మొరం నేల ఎంత తాగగలదు

మురుగునీటిని పొలంలోకి వదలడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఒక పంపు, కాస్త పైపు, కొంచెం వాలు ఉంటే చాలు. ఆ పొలం రోజుకు ఎంత నీరు తాగి, అందులోని మలినాన్ని తనలోనే అరిగించుకుని, పక్క బావిని పాడుచేయకుండా ఉండగలదో పైపు వేయకముందే లెక్కగట్టి చెప్పాలంటే మాత్రం విద్య కావాలి. ఆ విద్య తెలిసినవాళ్లు పత్రికలకెక్కరు. వాళ్లు పని బాగా చేస్తే చెప్పుకోవడానికి ఏమీ జరగదు మరి. బావి నీళ్లు బావిలో ఉంటాయి, గడ్డి గడ్డిలా పెరుగుతుంది, ఊరికి వాసన రాదు. ఏమీ జరగకుండా చూసే ఆ పనితనం మీద నాకు చాలాకాలంగా గౌరవం. దాన్ని దగ్గరగా చూపించాలని ఈ ప్రయత్నం.

ఖరగ్‌పూర్ గోల్‌బజార్ నుంచి ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం కాళ్లకిందే ఉంది. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి సన్నబడుతూ వచ్చి బెంగాల్ ఒండ్రులో కలిసే అంచున ఉంది ఖరగ్‌పూర్. పడమటికి పోతే ఎర్రమొరం, సాలవృక్షాలు. కంసావతి ఒడ్డుకో, తూర్పున డెబ్రా వైపుకో పోతే మెత్తటి ఒండ్రు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ గట్టినేల మీద జంక్షనూ వర్క్‌షాపూ కట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు ఆ పనులకే వచ్చి ఇక్కడే ఉండిపోయారు. గోల్‌బజార్‌లో ఈనాటికీ తెలుగులో బేరమాడగలుగుతున్నామంటే అందుకే. ఇళ్లకు పునాదులు తవ్వినవాళ్లకు తెలుసు, రెండడుగులు దిగేసరికి గునపం ఖణేల్‌మంటుంది. ఫ్రాన్సిస్ బుకానన్ మలబారులోని అంగాడిపురం దగ్గర చూసి 1807లో లాటరైట్ అని పేరుపెట్టిన రాయికి చుట్టమే ఆ గట్టిపొర.

ఇక్కడి నేలను చదివినవాళ్లకు కొదవ లేదు. 1951లో హిజ్లీలో ఐఐటీ వచ్చింది. దాని వ్యవసాయ ఇంజనీరింగు శాఖ ప్రయోగ క్షేత్రాల గురించి వెలువడిన పరిశోధన పత్రాల్లో ఒకే వర్ణన మళ్లీమళ్లీ కనిపిస్తుంది: సముద్రమట్టానికి 48 మీటర్ల ఎత్తు, ఆమ్లగుణమున్న ఎర్ర లాటరైట్ నేల, ఇసుకపాలు ఎక్కువైన గరువు, ఏడాదికి సుమారు 1,500 మి.మీ. వాన, అందులో ముప్పాతిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మురుగునీటిని నేలకు పెట్టాలనుకునేవాడికి ఈ ఒక్క వాక్యంలోనే సగం శుభవార్త, సగం హెచ్చరిక ఉన్నాయి. నీరు ఇంకుతుంది, అది శుభం. ఎక్కడిదాకా ఇంకుతుంది, వానాకాలంలో ఏమవుతుంది అన్నవే చిక్కు ప్రశ్నలు.

మేదినీపూర్ ప్రాంతంలో ఉప్పుడుబియ్యం మిల్లులకు లోటు లేదు. వడ్లు నానబెట్టి, ఉడికించి, పారబోసే నీరు గోధుమరంగులో పులిసిన వాసనతో ఉంటుంది. విషం కాదు. కాని కాలవలోకి వదిలితే నీటిలోని ప్రాణవాయువునంతా మింగేసి చేపల్ని చంపుతుంది. శుద్ధిచేసి పొలానికి పెడితే అదే నీరు ఎరువవుతుంది. అలాంటి మిల్లు ఒకటి ఉందనీ, రోజుకు 200 ఘనమీటర్ల నీరు వదులుతుందనీ, ఉత్పత్తి పెంచుతూ మరికొంత పొలం కలుపుకోవాలనుకుంటోందనీ అనుకుందాం. మిల్లు ఊహే గాని చేయాల్సిన పని అచ్చంగా ఉన్నదే.

మొదట గొయ్యి. నిఖార్సైన మట్టి పరీక్షకుడెవరూ ప్రయోగశాల నుంచి మొదలుపెట్టరు. పొలమంతా నడుస్తారు. ఇక్కడి బెంగాలీ రైతు డాంగా అనే మెట్ట, దాని దిగువ వాలు, వరి పండే పల్లం, ఈ మూడూ ఒకే సర్వే నంబరులో ఉన్నా మూడు వేర్వేరు నేలలని వాళ్లకు తెలుసు. అందుకే మూడుచోట్లా తవ్విస్తారు. మనిషి దిగి నిలబడేంత గొయ్యి, ఒకటిన్నర మీటర్ల లోతు. ఒక గోడ మీద ఎండ పడాలి. పార నునుపు చేసిన గోడను కత్తి మొనతో చిన్నచిన్నగా గీకుతారు. పార రుద్దిన చోట మట్టి అసలు కట్టు కనబడదు, గీకిన చోటే కనబడుతుంది. అలా గీకుతూ పైనుంచి కిందికి పొర మారినచోటల్లా ఒక మేకు గుచ్చుతారు. ఆ మేకుల వరసే ఆ నేల జాతకం. (జాతకాలంటే నాకు నమ్మకం లేదు, ఈ ఒక్కటి తప్ప.)

తర్వాత చేతివేళ్లు. ప్రతి పొర నుంచీ గుప్పెడు మట్టి తీసి, తడిపి, పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పట్టీలా బయటికి నెడతారు. రెండున్నర సెంటీమీటర్లు కాకముందే తెగితే ఇసుకపాలు ఎక్కువ. అయిదు దాటి సాగితే బంకమట్టి. మధ్యలో ఉంటే మధ్యరకం. పట్టీ సాగేటప్పుడు గరగర వినిపిస్తుందా, జారుడుగా ఉందా అన్నది రెండో సాక్ష్యం. ప్రయోగశాల రిపోర్టు వారాల తర్వాత వస్తుంది. చేయి తిరిగినవాడి వేళ్లు చెప్పిందీ, ఆ రిపోర్టు చెప్పిందీ చాలాసార్లు ఒకటే. అలాగని రిపోర్టు వద్దని ఎవరూ అనరు. వేళ్ల తీర్పు ఏ చోటి మట్టిని ప్రయోగశాలకు పంపాలో చెబుతుంది.

ఈ పనిలో నన్ను కట్టిపడేసేది రంగు చదవడం. ఏప్రిల్ ఎండలో పొడిగా ఉన్న గోతిలో నిలబడి, ఆగస్టులో నీళ్లు ఎంతెత్తున నిలుస్తాయో చెప్పగలరు. ఎలాగంటే, నీరు నిలిచినచోట గాలి ఆడదు. గాలి లేనిచోట సూక్ష్మజీవులు మట్టిలోని ఇనుమును కరిగిస్తాయి. ఇనుము పోయిన మట్టి బూడిదరంగుకు తిరుగుతుంది. నీరు దిగిపోయాక ఆ ఇనుమే వేళ్ల దారుల వెంబడి, పగుళ్ల వెంబడి తుప్పురంగు మచ్చలై గడ్డకడుతుంది. మన్సెల్ రంగుల పుస్తకాన్ని మట్టి పక్కన పెట్టి, రంగు, వెలుగు, గాఢత మూడూ అంకెల్లో రాస్తారు. గాఢత అంకె రెండుకు దిగిన బూడిదమచ్చలు మొదట కనిపించిన లోతే వానాకాలపు నీటిమట్టం.

ఖరగ్‌పూర్ నేలలో ఈ చదువు మరీ కష్టం, ఎందుకంటే ఇక్కడ అంతా ఇనుమే. మొరంలో ఎర్రమచ్చలు, పసుపుమచ్చలు, గోలీల్లాంటి గడ్డలు ఎక్కడ చూసినా ఉంటాయి. వాటిలో చాలా భాగం ఎప్పుడో వేల ఏళ్లనాటి తడికి గుర్తులు. వాటిని ఈ ఏడాది తడి అనుకుంటే మంచి పొలాన్ని పనికిరాదని కొట్టేస్తాం. ఈ ఏడాది తడిని పాతదనుకుంటే బావి చెడుతుంది. రెంటినీ విడదీసే కిటుకు మచ్చ అంచులో ఉంది. అంచు కత్తితో కోసినట్టు ఉంటే పాతది. చుట్టూ మట్టిలోకి మసకమసకగా కలిసిపోతుంటే ఇప్పటిది, ఇంకా జరుగుతున్నది. భూతద్దం పెట్టి ఆ అంచు చూసి, నోట్‌బుక్‌లో "అంచు స్పష్టం" అని రెండే మాటలు రాసే మనిషి పనితనాన్ని మించినది ఈ మొత్తం వ్యవహారంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇక మొరం పొర. పైన ఇసుక గరువు నీటిని చకచకా తాగుతుంది. కిందున్న గట్టిపొర తాగదు. అప్పుడు నీరు పక్కకు నడుస్తుంది. మెట్ట మీద పోసింది రెండు పొలాల అవతల పల్లంలో ఊటగా తేలుతుంది. పైన నిలబడి చూసినవాడికి "భలే ఇంకుతోంది" అనిపిస్తుంది. అందుకే నీటిమట్టానికీ గట్టిపొరకీ పైన కనీసం 60 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా మంచి మట్టి ఉండాలని చూస్తారు. తక్కువుంటే ఆ చెక్కను పక్కనపెడతారు. యజమాని ముఖం మాడుతుంది. మాడనివ్వాలి.

గొయ్యి చెప్పింది కంటితో. ఇప్పుడు కొలత. 30 సెంటీమీటర్ల వెడల్పున్న ఇనుపకంకణం, దాని చుట్టూ 60 సెంటీమీటర్ల కంకణం, రెండూ మట్టిలోకి దిగగొట్టి రెంటిలోనూ నీళ్లు పోస్తారు. బయటి కంకణంలోని నీరు పక్కలకు జారిపోయే నష్టాన్ని తనమీద వేసుకుంటుంది కాబట్టి లోపలిది నిట్టనిలువుగా దిగుతుంది. లోపలి మట్టం ఎంత తగ్గిందో గంటల తరబడి రాస్తారు. మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా, చివరికి ఒకే వేగానికి వచ్చి నిలబడుతుంది. ఆ చివరి వేగమే కావాలి. తొందరపడి మొదటి అరగంట అంకె రాసుకునే రిపోర్టులు ఉంటాయి, వాటిని చదివితే ఏ నేలైనా ఎడారిలాగే తాగుతుంది.

ఇసుక గరువు నేలల్లో ఆ స్థిరవేగం గంటకు 20 నుంచి 30 మి.మీ. దాకా ఉంటుందని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాగునీటి పుస్తకాలు చెబుతాయి. గంటకు 20 అంటే రోజుకు 480 మి.మీ. అంత పోయొచ్చా? పోయకూడదు. కొలిచింది మంచినీటితో, ఒక్కరోజు. పోయబోయేది మురికినీరు, ఏళ్ల తరబడి. అందులోని జిగురు, నలుసులు, పెరిగే సూక్ష్మజీవులు రంధ్రాలు మూస్తాయి. మట్టికి ఆరే వ్యవధి కావాలి, గాలి పీల్చుకోవాలి. అమెరికా పర్యావరణ సంస్థ 1981లో వెలువరించిన నేలశుద్ధి రూపకల్పన గ్రంథం, కొలిచిన వేగంలో నూటికి 4 నుంచి 10 వంతులే వాడుకోమంది. నూటికి తొంభై పైచిలుకు వదిలేయాలన్నమాట. మన వర్క్‌షాపులో చక్రాల గేజి పట్టినవాళ్లకు ఇది వింతగా ఉండదు. తెగే బరువు వేరు, మోయించే బరువు వేరు.

480లో 4 వంతులంటే 19 మి.మీ. పైచిలుకు. ఇప్పుడు మన దేశపు నిబంధన చూడండి. పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద చక్కెర మిల్లుల కోసం 2016 జనవరిలో కేంద్రం ఇచ్చిన ప్రకటనలో ఒక చిన్న పట్టిక ఉంది. శుద్ధిచేసిన నీటిని హెక్టారుకు రోజుకు ఎన్ని ఘనమీటర్లు పెట్టవచ్చో మట్టి రకాన్ని బట్టి చెబుతుంది: ఇసుకకు 225 నుంచి 280, ఇసుక గరువుకు 170 నుంచి 225, గరపమట్టికి 110 నుంచి 170, బంక గరపకు 55 నుంచి 110, బంకమట్టికి 35 నుంచి 55. హెక్టారుకు పది ఘనమీటర్లంటే ఒక మి.మీ. లోతు. ఆ లెక్కన ఇసుక గరువుకు 17 నుంచి 22.5 మి.మీ. దాకా. మన 19 సరిగ్గా అందులోనే పడింది. బంకమట్టి గంటకు 1 నుంచి 5 మి.మీ. తాగుతుంది, అంటే రోజుకు 24 నుంచి 120. పట్టిక దానికి ఇచ్చింది 3.5 నుంచి 5.5. అక్కడా అదే జాగ్రత్త. అయిదు వరసల పట్టిక. దాన్ని ఎవరు రాశారో గాని నేలను ఎరిగే రాశారు. గెజిట్‌లో కూడా ఇలాంటి నాజూకు పని దొరుకుతుందని తెలిసినప్పుడు నాకు సంతోషం కలిగింది.

ఈ పట్టిక చక్కెర మిల్లులకు రాసింది. మన మిల్లుకు దాన్ని కొలబద్దగా తీసుకుంటే 200 ఘనమీటర్లకు ఒక్క హెక్టారు చాలు. చాలా దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయి. అసలైన పనివాడు ఇక్కడే మొదలుపెడతాడు.

నీటి లెక్క అయింది, నత్రజని లెక్క కాలేదు. మన మిల్లు నీటిలో లీటరుకు 40 మి.గ్రా. నత్రజని ఉందనుకుందాం. 200 ఘనమీటర్లలో రోజుకు 8 కిలోలు. ఏడాదికి 300 రోజులు మిల్లు ఆడితే 2,400 కిలోలు. ఒక హెక్టారులో బాగా పెరిగే పశుగ్రాసం ఏడాదంతా కోస్తూ పోతే 400 కిలోల దాకా తీసుకుంటుంది. వరి అయితే రెండు పంటలకు కలిపి 200 తీసుకున్నా గొప్పే. అయిదో వంతు గాలిలోకి పోయిందని ఉదారంగా అనుకున్నా ఇంకా 1,920 మిగిలింది. గడ్డి 400 తీసుకుంటే తక్కిన 1,520 కిలోలు ఎక్కడికి పోతాయి? నైట్రేటుగా మారి, నీటితోపాటు దిగి, బావిలో తేలతాయి. నైట్రేటు మట్టికి అతుక్కోదు. రంగు లేదు, వాసన లేదు, కాచినా పోదు. తాగేనీటిలో లీటరుకు 45 మి.గ్రా. దాటకూడదని మన ప్రమాణం. దాటితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

కనుక నత్రజని అడిగేది దాదాపు 5 హెక్టార్లు. నీరు అడిగింది ఒకటి. ఈ శాస్త్రంలో అన్నీ లెక్కగట్టి, అన్నింటిలోకీ ఎక్కువ నేలను అడిగిన లెక్కకే తలవంచాలి. నీరు, నత్రజని, లవణాలు, కుళ్లే పదార్థం, దేనికది విడిగా. సగటు తీయడం లేదు, బేరం లేదు. ఆ అయిదు హెక్టార్ల మీద 200 ఘనమీటర్లు పరిస్తే రోజుకు 4 మి.మీ. వస్తుంది. ఎండాకాలంలో పైరు తాగే నీరు ఇంచుమించు అంతే! నత్రజని లెక్క నిజాయితీగా వేసేసరికి పారబోత కాస్తా సేద్యమైంది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసినప్పుడు అది అలా వచ్చి కుదురుకోవడం చూసి నాకు ముచ్చటేసింది.

లెక్క వేయకపోతే ఏమవుతుందో అమెరికాలో ఆరిగన్ రాష్ట్రం చూపించింది. కొలంబియా నది ఒడ్డున బోర్డ్‌మన్ పట్టణం. బంగాళాదుంపల వంటి ఆహార పరిశ్రమల నీటిని పోర్ట్ ఆఫ్ మోరో అనే సంస్థ పోగుచేసి చుట్టుపక్కల పొలాలకు పంపుతుంది. ఆ ప్రాంతపు భూగర్భజలాల్లో నైట్రేటు ఎక్కువైందని 1990లోనే ప్రత్యేక పరిధిగా గుర్తించారు. అయినా అనుమతి పత్రం ఇచ్చిన హద్దు దాటి నత్రజని పొలాలకెక్కింది. 2022 జనవరిలో రాష్ట్ర పర్యావరణ శాఖ సుమారు 13 లక్షల డాలర్ల జరిమానా వేసి, జూన్‌కల్లా దాన్ని 21 లక్షలు చేసింది. అదే జూన్‌లో బావుల నీరు తాగే ఇళ్ల కోసం మోరో కౌంటీ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అక్కడ అనుమతి ఉంది, పొలం ఉంది, పంట ఉంది. అంకె దాటింది, అంతే. దీనికి భిన్నంగా పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయం 1960ల తొలినాళ్లలో పొలాలు, అడవుల మీద తన మురుగునీటిని చల్లి పరీక్షించడం మొదలుపెట్టి, రెండు దశాబ్దాల కొలతల తర్వాత 1983 నుంచి మొత్తం నీటిని ఆ పద్ధతికి మళ్లించింది. అంతకాలం ఓపిక పట్టిన సంస్థను చూస్తే నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

లవణాల సంగతి క్లుప్తంగా. సోడియం ఎక్కువైతే బంకరేణువులు విడిపోయి రంధ్రాలు మూసుకుంటాయి, నేల గట్టిబడుతుంది. పరిశ్రమల నీటిని సేద్యానికి వదిలేటప్పుడు కరిగిన లవణాలు లీటరుకు 2,100 మి.గ్రా., సోడియం పాలు నూటికి 60 దాటకూడదని పాత భారతీయ ప్రమాణం ఐఎస్ 3307 చెప్పింది. ఇక్కడి భారీ వర్షం ఏటా లవణాలను కడిగేస్తుంది కనుక తెలంగాణ మెట్టల్లో ఉన్నంత భయం ఖరగ్‌పూర్‌లో లేదు. భాస్వరం విషయంలో మొరం మనకు మేలే చేస్తుంది. ఇనుము, అల్యూమినియం నిండిన ఈ మట్టి భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. ఆర్సెనిక్‌ను కూడా పట్టుకోగలదు. ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యుడు సిర్షేందు దే బృందం లాటరైట్‌ను శుద్ధిచేసి తాగునీటి నుంచి ఆర్సెనిక్ తీసే వడపోత తయారుచేసింది. ఇంటి ముందు తొక్కి నడిచే ఎర్రకంకరకే ఆ గుణం ఉంది.

వానాకాలం గురించి పట్టిక మౌనంగా ఉంటుంది, పనివాడు మౌనంగా ఉండకూడదు. చక్కెర మిల్లుల నిబంధన 15 రోజుల నీరు నిలవచేసే తొట్టి అడిగింది. మన మిల్లుకు అది 3,000 ఘనమీటర్లు. కాని జూలై, ఆగస్టుల్లో ఖరగ్‌పూర్ పల్లాలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లు 15 రోజులకు ఒప్పుకోరు. రెండు నెలలు పొలం మీద చుక్క పోయలేమనుకుంటే 12,000 ఘనమీటర్లు దాచాలి. మూడు మీటర్ల లోతున ఎకరం చెరువు. ఆ ఎకరం పొలాన్ని చెరువుగా మార్చడానికి పశ్చిమ బెంగాల్ భూసంస్కరణల చట్టం 1955లోని 4సి సెక్షను కింద మరో అనుమతి కావాలి. మట్టి గోతిలో మొదలైన పని ఇలా బ్లాకు భూమి కార్యాలయం గుమ్మం దాకా వస్తుంది.

కాగితాల పనిని చిన్నచూపు చూడటం మనకు అలవాటు. ఇందులో నేను అలా చూడను. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టం 25వ సెక్షను చదవండి. నది, బావి, మురుగుకాలవ అని వదిలేయకుండా "నేల మీద" వదలడాన్ని కూడా అనుమతి పరిధిలోకి తెచ్చింది. కొత్త దారి తెరిచినా, పాతదాన్ని మార్చినా ముందుగా అనుమతి తీసుకోవాలి. అంటే మిల్లు విస్తరిస్తే పాత అనుమతి చూపించి సరిపెట్టుకోవడానికి వీల్లేదు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర కట్టడానికి ఒక అనుమతి, నడపడానికి మరొకటి. దరఖాస్తు చేశాక నాలుగు నెలల్లో అవుననో కాదనో చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అని కూడా ఆ సెక్షన్లోనే ఉంది. ఆ వెసులుబాటు పరిశ్రమకు మంచిదేమో గాని, చదవకుండా గడిచిన నాలుగు నెలలు పక్క రైతు బావికి మంచివి కావు.

మంచి దరఖాస్తును గుర్తుపట్టడం తేలిక. అందులో మౌజా అనే రెవెన్యూ గ్రామం పేరు, దాని జేఎల్ నంబరు, దాగ్ అనే సర్వే నంబర్లు విడివిడిగా ఉంటాయి. ఏ దాగ్‌లో ఏ గొయ్యి తవ్వారో పటం మీద చుక్కలుంటాయి. పనికిరావని వదిలేసిన చెక్కలు కూడా కారణాలతో సహా ఉంటాయి. పైపు వేయకముందు బావుల నీరు ఎలా ఉండేదో పరీక్ష ఫలితాలుంటాయి. నీరు పోయే దిక్కుకు ఎగువన ఒకటి, దిగువన కొన్ని పరిశీలన బావులుంటాయి. నెలనెలా వాన, పైరు, నీరు, నిలవ లెక్క ఉంటుంది. చెడ్డ దరఖాస్తులో "ఎర్ర లాటరైట్ నేల, సేద్యానికి అనుకూలం" అని ఒకే వాక్యం నలభై ఎకరాలకూ సరిపోతుంది.

ఇదంతా ఇంజనీర్ల సొత్తే అనుకుంటే పొరపాటు. మనకు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కోల్‌కతా తూర్పు అంచున, నగరపు మురుగునీటితో చేపలూ కూరగాయలూ పెంచే నేర్పు ఏ అనుమతి పత్రమూ లేని రోజుల్లోనే స్థిరపడింది. 1980ల మొదట్లో ఆ నీరు ఎక్కడికి పోతోందో చూసిరమ్మని ప్రభుత్వం పంపిన ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్, శుద్ధి కర్మాగారం లేని చోట శుద్ధి జరగడం చూసి, బతుకంతా దాన్ని పటాలకెక్కించడానికీ కాపాడటానికీ వెచ్చించాడు. 12,500 హెక్టార్ల ఆ చిత్తడినేలకు 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల ఒప్పందం కింద రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2018లో ఆయన పోయాడు. జనం చేతుల్లో ఉన్న విద్యను ఇంజనీరు తన విద్యకన్నా తక్కువగా చూడకపోవడమే ఆయన పనితనం. హైదరాబాదు దిగువన మూసీ నీటితో పారాగడ్డి పెంచేవాళ్లదీ అలాంటి తెలివే. నిలవనీటికీ మితిమీరిన నత్రజనికీ తట్టుకుని, కోసినకొద్దీ పెరిగే పంటను వాళ్లు ఎంచుకున్నారు. మన లెక్కలోని 400 కిలోల నత్రజని తీసుకునే గడ్డిని వాళ్లు లెక్క లేకుండానే కనిపెట్టారు. అయితే ఆ నీటిలో పరిశ్రమల వ్యర్థాలు కలిసిన సంగతి గడ్డికి తెలియదు, దాన్ని మేసే గేదెకూ తెలియదు. అందుకే అనుభవం పక్కన కొలత ఉండాలి.

ఖరగ్‌పూర్ చుట్టుపక్కల పొలమున్న తెలుగువారు గాని, శ్రీకాకుళం వైపు సొంతూళ్లో భూమి ఉన్నవారు గాని, ఎవరైనా ఫ్యాక్టరీవాళ్లు వచ్చి "మా నీళ్లు మీ పొలానికి ఉచితంగా పెడతాం, ఎరువు ఖర్చు కలిసొస్తుంది" అంటే వెంటనే కాదనకండి, వెంటనే అవుననకండి. ముందు మీ బావి నీటిని నైట్రేటు పరీక్ష చేయించి, ఆ కాగితం తేదీతో సహా దాచుకోండి. మీ దాగ్‌లో గొయ్యి ఎక్కడ తవ్వారో చూపించమనండి. హెక్టారుకు ఏడాదికి ఎన్ని కిలోల నత్రజని పోస్తారో రాతపూర్వకంగా అడగండి. ఎన్ని లీటర్ల నీరో చెప్పి ఊరుకుంటే సంతకం పెట్టకండి.